మస్టర్‌లో పేరెవరిది?

మే ఒకటో తేదీ మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగువారికి మూడు విధాలుగా గుర్తుండాల్సిన రోజు. అది మేడే. 1960లో మహారాష్ట్ర అవతరించిన రోజు కూడా. ఈ రెండింటికీ జెండాలు ఎగురుతాయి, మైకులు మోగుతాయి, నాయకులు ఉపన్యాసాలిస్తారు. మూడోదాన్ని తలచుకునేవారే అరుదు. 1973లో సరిగ్గా అదే రోజున దేశంలోని ప్రైవేటు బొగ్గు గనులు ప్రభుత్వపరమయ్యాయి. చాందా, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో గని జీతంతో పొయ్యి వెలిగిన తెలుగు ఇళ్లు ఎన్నో. ఆ రోజున ఏం మారింది, ఏం మారలేదు అన్న లెక్కను ఆ ఇళ్లవారే అడగాల్సిన సమయం వచ్చింది. ఎందుకంటే ఒకవైపు గనులు వేలం పాటలో మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్తున్నాయి. మరోవైపు, ప్రభుత్వ గనుల్లోనే బొగ్గు తవ్వే మనిషి పేరు ఆ సంస్థ మస్టర్‌లో కనిపించకుండా పోతోంది.

బొగ్గుకు సరిహద్దు తెలియదు. వార్ధా లోయలో మొదలైన పొర ప్రాణహిత, గోదావరి లోయల వెంట కొత్తగూడెం దాకా సాగుతుంది. ఆ పొర మీద గీతలు గీసింది మనుషులే. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనతో అది బొంబాయి రాష్ట్రంలోకి, తర్వాత మహారాష్ట్రలోకి వెళ్లింది. ఇవతల బెల్లంపల్లి, మందమర్రి గనులు సింగరేణి కింద, అవతల సాస్తి, బల్లార్షా గనులు వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కింద ఉన్నాయి. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ నడుస్తాయి. ఒకే ఇంట్లో అన్న ఒక సంస్థలో, తమ్ముడు మరో సంస్థలో పనిచేసిన సందర్భాలూ ఉంటాయి. కాబట్టి బొగ్గు గనుల జాతీయీకరణ అన్నది ఎక్కడో ధన్‌బాద్, రాణిగంజ్‌ల కథ అనుకుంటే పొరపాటు.

అసలు ప్రభుత్వం ఆ పనికి ఎందుకు పూనుకుంది? సోషలిజం మోజు అని కొట్టిపారేసేవారు నేటికీ ఉన్నారు. రికార్డు అలా చెప్పదు. 1774లో రాణిగంజ్ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు సమ్నర్, హీట్లీలు వ్యాపార తవ్వకం మొదలుపెట్టిన నాటి నుంచి సుమారు రెండు వందల ఏళ్ల పాటు బొగ్గు ప్రధానంగా ప్రైవేటు సొత్తే. పక్కపక్కనే చిన్న చిన్న గనులు, ఒక్కోదానికి ఒక్కో యజమాని. పైపొరలో చేతికందిన మంచి బొగ్గును తవ్వుకోవడం, మిగతాది వదిలేయడం, పైకప్పును నిలబెట్టాల్సిన స్తంభాలను కూడా కొల్లగొట్టడం... ఇదీ తంతు. ఝరియాలో 1916లోనే నిప్పు అంటుకున్నట్లు నమోదైంది. ఇది బయటివారు వేసిన నింద కాదు. బ్రిటిష్ హయాంలో నియమించిన బర్రోస్ కమిటీయే 1937లో తన నివేదికలో గనుల యజమానులకు లాభమే ప్రథమమని, భద్రత ఆ తర్వాతేనని, దేశ ప్రయోజనం లెక్కలోకే రావడం లేదని తేల్చింది. భూగర్భ ఖనిజ హక్కులు ప్రభుత్వం చేతిలో ఉండాలన్న సిఫార్సు అప్పటిదే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా తీరు మారలేదు. 1965 మే 28న నాటి బీహార్‌లోని ధోరీ గనిలో పేలుడు సంభవించి 268 మంది మరణించారు. 1967లో వేజ్ బోర్డు సిఫార్సులు వచ్చినా చాలామంది యజమానులు వాటిని అమలు చేయలేదు. కార్మికుల జీతంలో కోసిన భవిష్యనిధి సొమ్ము ఖాతాల్లో జమకాక బకాయిలు పేరుకుపోయాయి. చాలాచోట్ల కూలీలు యజమానికి నేరుగా తెలియరు. కాంట్రాక్టర్ తెస్తాడు, సర్దార్ లెక్క రాస్తాడు, వడ్డీవ్యాపారి గని గేటు దగ్గరే కాచుకుని ఉంటాడు. గనిలో మనిషి చనిపోతే అతడు అక్కడ పనిచేశాడని రుజువు చేసుకోవడమే ఆ కుటుంబానికి పెద్ద పని. ఆ మనిషికి లేనిది ఒక్కటే, మస్టర్‌లో పేరు. అది లేకపోతే జీతం, భవిష్యనిధి, నష్టపరిహారం, చివరికి మరణం కూడా కాగితం మీదికి రావు.

ఈ విషయంలో సింగరేణి దారి వేరు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాళ్లు కనిపెట్టారు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు పొంది, 1889లో పని మొదలుపెట్టింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి ఆ ఆస్తులను తీసుకుంది. 1945లో మెజారిటీ వాటాలను హైదరాబాద్ ప్రభుత్వం కొనేసింది. అంటే ఢిల్లీ ఆర్డినెన్సులు తెచ్చే నాటికి పాతికేళ్ల ముందే తెలుగు నేల మీది బొగ్గు సర్కారు పరమైంది. నిజాం సర్కారు ఇది కార్మికుల మీద ప్రేమతో చేసిందని ఎవరూ అనరు. కానీ 1956లో ఆ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, 2014లో తెలంగాణకు సంక్రమించాయి. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. 1973 చట్టం సింగరేణి జోలికి రాకపోవడానికి కారణం అదే, అది అప్పటికే ప్రభుత్వ సంస్థ.

మిగతా దేశంలో పని రెండు విడతలుగా జరిగింది. ఉక్కు కర్మాగారాలకు అవసరమైన కోకింగ్ బొగ్గు గనులను ముందు తీసుకున్నారు. 1971 అక్టోబర్‌లో ఆర్డినెన్సు ద్వారా 214 గనుల నిర్వహణ చేపట్టి, 1972 మే 1న జాతీయం చేశారు. టాటా ఉక్కు, ఇస్కో సంస్థల సొంత గనులను మినహాయించారు. తర్వాత 1973 జనవరి ఆఖరున మిగతా 711 గనుల నిర్వహణను తీసుకుని, మే 1న వాటినీ జాతీయం చేశారు. ఒక్కో గనికి యజమానికి ఎంత ఇవ్వాలో చట్టం షెడ్యూల్‌లోనే పేరుపేరునా రాశారు. ఆ సొమ్ములోంచి కార్మికుల బకాయిలను ముందుగా తీర్చేందుకు చెల్లింపుల కమిషనర్‌ను పెట్టారు. ఈ వ్యవహారాన్ని భుజాన వేసుకుని నడిపిన ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం తమిళనాడుకు చెందినవారు. గనులు దేశపరమైన ఆ నెలాఖరునే, మే 31న, ఢిల్లీ దగ్గర విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. 1975 నవంబర్‌లో కోల్ ఇండియా ఏర్పడింది. చంద్రపూర్ గనులు నాగ్‌పూర్ కేంద్రంగా వచ్చిన వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కిందికి చేరాయి.

ఫలితం ఏమిటి? 1970ల ఆరంభంలో దేశం ఏడాదికి ఏడు కోట్ల టన్నుల పైచిలుకు బొగ్గు తవ్వేది. 2024-25లో అది 104 కోట్ల టన్నులు దాటింది. జాతీయం చేసిన కొద్ది నెలలకే, 1973 అక్టోబర్‌లో, చమురు సంక్షోభం వచ్చిపడింది. ఎక్కడికక్కడ చిల్లర గనుల యజమానుల దయాదాక్షిణ్యాల మీద దేశం ఆధారపడి ఉంటే ఆనాడు రైళ్లు, విద్యుత్ కేంద్రాలు ఏమయ్యేవో ఊహించవచ్చు. కార్మికుల వైపు నుంచి చూస్తే 1975 జనవరి 1 నుంచి అమలైన తొలి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అన్నిటికంటే పెద్ద మలుపు. ఏ రాష్ట్రంలో, ఏ గనిలో పనిచేసినా ఒకే వేతన విధానం వచ్చింది. క్వార్టర్, ఆస్పత్రి, పిల్లల చదువు, పదవీ విరమణ సొమ్ము వచ్చాయి. సర్దార్ చేతి కింద కూలీ ఉద్యోగి అయ్యాడు. బెల్లంపల్లిలో గాని, బల్లార్షాలో గాని గని కార్మికుడి కొడుకు ఇంజినీరో, టీచరో కాగలిగాడంటే దాని వెనక ఈ మార్పు ఉంది. దీన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

అలాగని అంతా సవ్యంగా జరిగిందని చెప్పడం కూడా అబద్ధమే. గనులు స్వాధీనం చేసుకునే వేళ మస్టర్ల మీద పెద్ద గోల్‌మాల్ జరిగింది. ధన్‌బాద్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆదివాసీ కూలీల పేర్లు గల్లంతై, కండబలం ఉన్నవారి మనుషుల పేర్లు ఎక్కాయన్న ఆరోపణలు బలంగా వచ్చాయి. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. భూగర్భంలో పని నిషేధం కావడంతో పైన బొగ్గు ఎత్తే పనుల్లో ఉన్న మహిళలను స్వచ్ఛంద విరమణ పేరుతో పంపించి, ఆ ఉద్యోగం ఇంట్లో మగవాళ్లకు ఇచ్చే పద్ధతి వచ్చింది. తట్టా చెమ్మస్ పట్టిన తల్లి పేరు మస్టర్‌లోంచి అలా జారిపోయింది.

భద్రత విషయంలోనూ బోర్డు మార్చినంత మాత్రాన ప్రాణాలు నిలవలేదు. 1975 డిసెంబర్ 27న, అప్పటికే ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చిన చాస్‌నాలా గనిలోకి నీరు ముంచెత్తి 370 మందికి పైగా జలసమాధి అయ్యారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు చొరబడి 17 మంది మరణించారు. ఝరియా మంటలు ప్రైవేటు యజమానులు మిగిల్చిన పాపమే. కానీ యాభై ఏళ్ల ప్రభుత్వ యాజమాన్యం వాటిని ఆర్పలేకపోయింది. అక్కడి జనాన్ని తరలించి పునరావాసం కల్పించేందుకు 2009లో ఒక ప్రణాళిక వేశారు. 2025 జూన్‌లో దాన్ని సవరించి 5,940 కోట్ల రూపాయలతో మళ్లీ ఆమోదించారు. భూములు పోయినవారి గోడు వేరే చెప్పక్కర్లేదు. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద ప్రభుత్వం తలచుకుంటే ఊరి అనుమతితో పని లేకుండానే భూమి తీసుకోవచ్చు. ఓపెన్‌కాస్ట్ గుట్టల మధ్య చిక్కుకున్న ఊళ్లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి.

బోర్డు మారినా అడుగున పని మారకపోవడం ఒక్క మన దేశం కథే కాదు. బ్రిటన్‌లో 1947 జనవరి 1న ఒక్కరోజే గనులన్నీ జాతీయమయ్యాయి. ఈ గని ఇక ప్రజల తరఫున నడుస్తుందని గేట్ల ముందు బోర్డులు పెట్టి పండుగ చేసుకున్నారు. లోపలికి వెళ్లి చూస్తే చాలాచోట్ల పాత మేనేజర్లే, పాత పద్ధతులే. 1984-85లో ఏడాదిపాటు సాగిన సమ్మె ఓడింది. 1994లో ఆ పరిశ్రమ తిరిగి ప్రైవేటుపరమైంది. 2015 డిసెంబర్‌లో అక్కడి చివరి లోతు గని మూతపడింది. గని ప్రజలది అన్న మాట గని ఊళ్ల జనానికి అనుభవంలోకి రాకపోతే, దాన్ని అమ్మే రోజున అడ్డుపడే శక్తి కూడా మిగలదు. ఈ పాఠం బల్లార్షాకూ వర్తిస్తుంది, బెల్లంపల్లికీ వర్తిస్తుంది.

మన దేశంలో తిరుగు ప్రయాణం నిశ్శబ్దంగా మొదలైంది. 1976 సవరణ ప్రైవేటు లీజులను రద్దు చేస్తూనే ఉక్కు కంపెనీల సొంత అవసరాలకు చిన్న తలుపు తెరిచింది. 1993లో విద్యుత్ కంపెనీలకూ ఆ తలుపు తెరిచారు. ఆ దారిన ఎవరికి నచ్చిన బ్లాకు వారికి పంచిపెట్టిన వైనం చివరికి సుప్రీంకోర్టుకెక్కింది. 2014 సెప్టెంబర్‌లో కోర్టు 204 కేటాయింపులను రద్దు చేసింది. దానికి జవాబుగా 2015లో వేలం చట్టం వచ్చింది. 2018 జనవరిలో 1972, 1973 నాటి జాతీయీకరణ చట్టాలు రెండింటినీ, పనికిరాని పాత చట్టాల జాబితాలో చేర్చి రద్దు చేశారు. అన్నేళ్ల చరిత్ర ఉన్న చట్టం అలా చడీచప్పుడు లేకుండా పోయింది. 2020 జూన్‌లో ఎవరైనా తవ్వి ఎవరికైనా అమ్ముకోవచ్చన్న వాణిజ్య వేలం మొదలైంది.

తెలంగాణలో కల్యాణిఖని బ్లాక్ 6, కోయగూడెం బ్లాక్ 3, సత్తుపల్లి బ్లాక్ 3, శ్రావణపల్లి బ్లాకులను వేలానికి పెట్టినప్పుడు 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు సింగరేణి స్తంభించింది. సంఘాలన్నీ జెండాలు పక్కనబెట్టి ఒక్కటయ్యాయి. అయినా 2024 జూన్‌లో శ్రావణపల్లి మళ్లీ వేలం జాబితాకెక్కింది. దశాబ్దాల పాటు సింగరేణి అన్వేషించిన ప్రాంతంలోని బ్లాకుల కోసం సింగరేణి కూడా వరుసలో నిలబడాలనడం ఎంతవరకు న్యాయమో కేంద్రం చెప్పాలి.

కానీ వేలాన్ని ఒక్కదాన్నే తిట్టిపోస్తే సగం నిజమే చెప్పినట్లు. మిగతా సగం ప్రభుత్వ సంస్థల లోపలే ఉంది. కోల్ ఇండియాలో ఒకప్పుడు ఆరు లక్షలకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు రెండు లక్షల పైచిలుకుకు పడిపోయింది. సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్ష దాటిన సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గర ఉంది. ఉత్పత్తి మాత్రం తగ్గకపోగా ఎన్నో రెట్లు పెరిగింది. యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, నిజమే. అయితే ఆ ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసేది, డంపర్లు నడిపేది, బొగ్గు రవాణా చేసేది చాలావరకు కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారు. 1975లో ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చి బొగ్గు తీయడం, ఎత్తడం, పైమట్టి తొలగించడం వంటి పనుల్లో కాంట్రాక్టు కూలీలను పెట్టరాదని చెప్పింది. జాతీయీకరణ స్ఫూర్తికి అది కొనసాగింపు. యాభై ఏళ్లలో ఆ స్ఫూర్తి తలకిందులైంది.

దీని ఖరీదు ఏమిటో 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియాలో తెలిసింది. ప్రభుత్వ సంస్థకు చెందిన రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి గుట్ట కూలి 23 మంది సమాధయ్యారు. వాళ్లు అక్కడ అవుట్‌సోర్సింగ్ పనిలో ఉన్నవారు. గని సర్కారుది, మనుషులు మాత్రం సర్కారువారు కారు. 2022 సెప్టెంబర్‌లో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు ఒప్పుకున్న వేతనాలనైనా ఇవ్వమన్నది వారి ప్రధాన డిమాండ్. పర్మినెంట్ కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ మీద పడే దుమ్ము ఒకటే, పొంచి ఉన్న ప్రమాదం ఒకటే. జీతంలో మాత్రం ఎన్నో రెట్ల తేడా. 1970లో సర్దార్ కింద ఉన్న కూలీకీ, ఇప్పుడు కాంట్రాక్టర్ కింద ఉన్న డ్రైవర్‌కూ తేడా ఎంత అని అడిగితే యాజమాన్యాలు జవాబు చెప్పాలి.

దేశానికి బొగ్గు కావాలి, ప్రభుత్వ సంస్థలు ఖర్చు తగ్గించుకోకపోతే ప్రైవేటు పోటీకి నిలవలేవు, అందుకే కాంట్రాక్టు తప్పదు అన్నది అధికారుల వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ప్రైవేటు గనిలాగే నడిస్తేనే బతుకుతాం అని ప్రభుత్వ సంస్థ చెప్పుకొంటే, ఇక అది ప్రభుత్వం చేతిలో ఉండాల్సిన అవసరం ఏమిటని రేపు ఎవరైనా అడుగుతారు. అప్పుడు జవాబు ఉండదు. పర్మినెంట్ కార్మికుల సంఘాలు కూడా ఈ విషయంలో ఆత్మపరిశీలన చేసుకోవాలి. తమ వేతన ఒప్పందం కుదిరితే చాలు, పక్కన మట్టి తీసేవాడి గోడు తమది కాదనుకుంటే, ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా పిలుపు ఇచ్చిన రోజున ఆ మనిషి ఎందుకు కలిసి రావాలి?

సరిహద్దు తెలుగువారికి ఇందులో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఉంది. సింగరేణి బొగ్గు రాయచూరు థర్మల్ కేంద్రంలో మండి కర్ణాటకకు వెలుగిస్తోంది. తమిళనాడులో నైవేలీ లిగ్నైట్ 1956లో మొదలైన నాటి నుంచీ ప్రభుత్వ సంస్థే. అక్కడా భూములు పోయినవారు, కాంట్రాక్టు కార్మికులు అడుగుతున్నది ఇదే. ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీ బ్లాకులో 2025 ఏప్రిల్‌లో సింగరేణి తవ్వకం ప్రారంభించింది. ఏడాదికి కోటి టన్నుల సామర్థ్యం ఉన్న గని అది. తెలుగు సంస్థ తొలిసారి పొరుగు రాష్ట్రంలో గని తెరవడం గర్వించదగ్గదే. కానీ అక్కడ భూమి ఇచ్చేది ఒడియా రైతు, ఆదివాసీ. వాళ్ల కంటికి సింగరేణి బయటి నుంచి వచ్చిన యజమాని. బల్లార్షాలో తెలుగు కార్మికుడికి ఏ న్యాయం జరగాలని కోరుకుంటామో, నైనీలో ఒడియా కార్మికుడికి అదే న్యాయం సింగరేణి చేసి చూపాలి. లేకపోతే ఇక్కడ గొంతెత్తే హక్కు మనకు ఉండదు.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవేమీ కావు. ప్రభుత్వ గనిలో అడుగుపెట్టే ప్రతి కాంట్రాక్టు కార్మికుడి పేరు, పని, వేతనం కాంట్రాక్టర్ జేబు పుస్తకంలో కాదు, గని యాజమాన్యం సొంత రికార్డులో ఉండాలి. బొగ్గు గనుల భవిష్యనిధిలో అతడి సొమ్ము నెలనెలా జమకావాలి, ఆ చీటీ అతడి చేతికి అందాలి. చంద్రపూర్ గనుల్లో తెలుగు, హిందీ, మరాఠీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారు కలిసి పనిచేస్తారు కాబట్టి భద్రతా శిక్షణ పని చేసేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వేలంలో బ్లాకు దక్కించుకున్న ప్రైవేటు సంస్థకు కూడా ఇవే షరతులు లీజు పత్రంలో రాయాలి. భూమి పోయిన ఇంటికి ఇస్తామన్న ఉద్యోగం కాంట్రాక్టర్ దగ్గర కూలి పని కాకూడదు.

1973 మే 1న గని గేటు మీద బోర్డు మారింది. నిజమైన మార్పు మాత్రం ఆ గేటు లోపల, మస్టర్‌లో అప్పటిదాకా లేని పేర్లు ఎక్కిన రోజున వచ్చింది. ఇప్పుడు ఆ పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. గనులు ప్రజలవే ఉండాలని మేడే నాడు నినదించేవారు ముందుగా మస్టర్ తెరిచి, ఇందులో లేని పేర్లెవరివని యాజమాన్యాన్ని అడగాలి.